మూడులు, చివర ఒకటి

మాష్టారికి పొద్దున్నే టీతోపాటు ఒక సంఖ్య కావాలి. టీలో చక్కెర తక్కువైతే సర్దుకుంటారు గాని, సంఖ్య లేకపోతే ఆ పూటంతా మొహం ముడుచుకునే ఉంటారు. ఆ ఇంట్లో దాన్ని ‘విరవడం’ అనేవాళ్ళు. పెద్ద సంఖ్య ఒకటి చెబితే, అది ఏయే చిన్న సంఖ్యల గుణకారంగా విడిపోతుందో మాష్టారు కాగితం ముట్టకుండా చెప్పాలి. దేనికీ లొంగకుండా మొండికేస్తే అది ప్రధాన సంఖ్య. అలాంటిది తగిలిన రోజు ఆయన మహా సంతోషంగా, "మొండి ఘటమే, విరగదు" అని మెచ్చుకునేవారు, ఎవరో పెద్దమనిషిని మెచ్చుకున్నట్టు.

సంఖ్య అందించే పని శేషమ్మది. ఆవిడ అసలు పేరు వాడుకలోంచి ఎప్పుడో పోయింది. పెళ్ళయిన కొత్తలో, ఇంటికొచ్చిన స్నేహితుల ముందు కొత్త లెక్చరరుగారు ఒక భాగహారం నోటితో చేసి, సరిగ్గా తెగిందని ప్రకటించారు. వంటగదిలోంచి "శేషం రెండు" అని వినిపించింది. స్నేహితులు పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు. ఆ రోజు నుంచి ఆవిడ శేషం. జుట్టు నెరిశాక శేషమ్మ. తనూ డిగ్రీ దాకా లెక్కలే చదివింది కాబట్టి ఆ పేరంటే లోలోపల కాస్త గర్వం కూడా.

అలాంటి ఇంట్లో, మాష్టారి మతి మీద వాళ్ళమ్మాయి అనుమానం లేవదీస్తే శేషమ్మకి చిర్రెత్తుకొచ్చిందంటే వింతేముంది?

అమ్మాయి ఆస్పత్రిలో రక్తపరీక్షల గదిలో పని చేస్తుంది. అల్లుడు సరుకు ఓడలో ఇంజినీరు, ఏడాదిలో సగం నీళ్ళ మీదే. అమ్మాయికి సాయంత్రం ఆరింటిదాకా తీరిక ఉండదు. పాప చిట్టిది మూడో తరగతి, బడి మూడింటికే వదిలేస్తారు. అంచేత మాష్టారు తన పాత కారు తీసుకుని, రైల్వే గేటు దాటి వెళ్ళి, మనవరాలిని బడి నుంచి తీసుకొస్తారు. రెండేళ్ళుగా ఆ ఏర్పాటుకి ఎవరూ వంక పెట్టలేదు.

"నిన్న నాన్న గంట ఆలస్యంగా వచ్చారట కదా?" అంది అమ్మాయి, చెప్పులైనా విప్పకుండా వంటగది గుమ్మంలో నిలబడి.

"గేటు పడింది."

"గంటసేపా?"

"గూడ్సుబండి."

"పక్కనుండి చూసినట్టు చెబుతున్నావే! చిట్టి ఏమందో తెలుసా? తాతయ్య గేటు దగ్గర కళ్ళు తెరుచుకునే నిద్రపోయాడంది. అది నవ్వుతూనే చెప్పింది. నాకు నవ్వు రాలేదు."

"ఏదైనా ఆలోచనలో పడితే మీ నాన్న అంతే. నువ్వు పుట్టావని నర్సు వచ్చి చెబితే, ఆవిడ మొహంలోకి అలాగే చూస్తూ కూర్చున్నారు. పాపం, ఆవిడ ఈయనకి చెవుడేమో అనుకుని మళ్ళీ అరిచి చెప్పింది."

"మాట తప్పించకు. మొన్న నన్ను తన చెల్లెలనుకుని పిలిచారు."

"నేను నిన్ను పిలవబోయి చిట్టిని పిలుస్తాను. అయితే నాకూ మతి పోయిందా?" శేషమ్మ గరిటె పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుంది. "ఇవాళ పొద్దున్నే పన్నెండు లక్షల ముప్పై నాలుగు వేల అయిదు వందల అరవై ఏడు ఇచ్చాను. ఒక గుక్క తాగేలోపు నూట ఇరవై ఏడు, తొమ్మిది వేల ఏడు వందల ఇరవై ఒకటి అని రెండు ముక్కలు చేసి పెట్టారు. మీ ఆస్పత్రిలో ఎవరున్నారు చెప్పు, అలా చెప్పేవాళ్ళు?"

"మా ఆస్పత్రిలో ఎవరినీ అలా అడగరమ్మా," అంది అమ్మాయి నీరసంగా. "ఒక్కసారి డాక్టరుకి చూపిద్దాం. ఆయన బాగుందంటే నేనిక నోరెత్తను."

డాక్టరు కుర్రవాడు, మర్యాదస్తుడు. ముందు మూడు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమన్నాడు. తర్వాత ఇవాళ ఏ వారమని అడిగాడు.

"ఉద్యోగం మానేసినవాడికి అన్నీ ఆదివారాలే డాక్టరుగారూ," అన్నారు మాష్టారు. డాక్టరు నవ్వాడు. అమ్మాయి నవ్వలేదు.

"వందలోంచి ఏడు తీసెయ్యండి. వచ్చినదాంట్లోంచి మళ్ళీ ఏడు. అలా తీస్తూ వెళ్ళండి."

"తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్భై తొమ్మిది, డెబ్భై రెండు, అరవై అయిదు..." మాష్టారు కుర్చీలో వెనక్కి వాలారు. "చివరికి రెండు మిగులుతుంది. అందాకా వెళ్ళమంటారా, ఇక్కడే దిగిపోమంటారా?"

శేషమ్మ కూతురి వైపు ఓ చూపు విసిరింది. ఇంకా ఏం కావాలి నీకు అన్నట్టు.

"ఇందాక నేను చెప్పిన మూడు మాటలు..." అని డాక్టరు మొదలుపెట్టేలోపే మాష్టారు బల్ల మీది చీటీ ఒకటి లాక్కుని, ఆయన జేబులోంచే పెన్ను అడిగి తీసుకుని రాయడం మొదలుపెట్టారు. ముప్పై ఒకటి. దాని కింద మూడు వందల ముప్పై ఒకటి. దాని కింద మూడు వేల మూడు వందల ముప్పై ఒకటి. ఒక్కో వరసలో ఒక్కో మూడు ఎక్కువ, చివర మాత్రం ఒకటే. అది చూడగానే శేషమ్మకి తెలిసిపోయింది, మాష్టారు ఏటేటా కాలేజీలో మొదటి రోజున చెప్పే పాఠం అది.

"మొదటిది విరగదు. రెండోదీ విరగదు. మూడోదీ అంతే. ఇలా మూడు కోట్ల ముప్పై మూడు లక్షల ముప్పై మూడు వేల మూడు వందల ముప్పై ఒకటి దాకా, ఏడింటికి ఏడూ ప్రధాన సంఖ్యలే. ఇప్పుడు ఎనిమిదోది చెప్పండి. ముప్పై మూడు కోట్ల ముప్పై మూడు లక్షల ముప్పై మూడు వేల మూడు వందల ముప్పై ఒకటి. ఇది విరుగుతుందా, విరగదా?"

"విరగదనే అనిపిస్తోంది," అన్నాడు డాక్టరు.

"అందరికీ అనిపిస్తుంది! పదిహేడు పెట్టి కొట్టండి, కోటీ తొంభై ఆరు లక్షల ఏడు వేల ఎనిమిది వందల నలభై మూడు. రెండు చెక్కలు! ఏడుసార్లు నిలబడింది కదా అని ఎనిమిదోసారి నిలబడుతుందని ఎవరు చెప్పారు మీకు? నిలబడటం వేరు, నిలబడుతుందని రుజువు చెయ్యడం వేరు." మాష్టారి కళ్ళు మెరుస్తున్నాయి. ఈ పాఠాన్ని శేషమ్మ ఎన్నిసార్లు విందో. వినీ వినీ ఆవిడ చెవికి అందులో మాటలు ఆనడం మానేసి, రాగం మాత్రమే మిగిలింది.

డాక్టరు ఆ చీటీ దాచుకుంటానన్నాడు. ఈ వయసులో చిన్న చిన్న మరుపులు మామూలేననీ, కంగారుపడాల్సిందేం లేదనీ చెప్పి, ఏవో విటమిను మాత్రలు రాశాడు.

బయట మెట్ల దగ్గర అమ్మాయి తల్లి చెయ్యి పట్టుకుని ఆపింది. "నాన్న ఆ మూడు మాటలూ చెప్పనే లేదు. గమనించావా?"

"డాక్టరు గమనించలేదు గాని, నువ్వు గమనించావు!"

"అమ్మా, దెబ్బలాటకి చెప్పట్లేదు. చిట్టిని బండిలో కూర్చోబెట్టుకుని తెస్తున్నారు. కావాలంటే ఒక మనిషిని మాట్లాడుకుంటాను."

"మీ నాన్న గుండెలో పొడిచినట్టే అవుతుంది ఆ పని. రోజంతా ఆ మూడింటి కోసమే చూస్తుంటారు మనిషి. చిట్టి సంగతి నాకొదిలెయ్. నా పూచీ."

"పూచీ అనేశావు. నాకున్నది అదొక్కతే అమ్మా."

"నాకేమన్నా పదిమంది ఉన్నారా?" అంది శేషమ్మ. అక్కడితో ఆ మాట ముగిసింది.

ఆ తర్వాత ఇల్లు కొన్నాళ్ళు ప్రశాంతంగా గడిచింది. ఒక సాయంత్రం చిట్టి బడి నుంచి వస్తూనే తాతయ్య ముందు అరచెయ్యి చాపింది. గేటు దగ్గర ఆగినప్పుడు గూడ్సుపెట్టె మీదున్న అంకెల్ని పెన్నుతో చేతి మీద రాసుకొచ్చింది.

"దీన్ని విరువు తాతయ్యా!"

మాష్టారు ఆ చేతిని దగ్గరికి లాక్కుని చదివారు. "రెండు కోట్ల అయిదు లక్షల నలభై మూడు వేల మూడు వందల తొంభై మూడు." ఒక్క క్షణమైనా ఆగలేదు. "మొండి ఘటమే. విరగదు."

"అయితే నా పెట్టె గెలిచింది," అని చిట్టి గంతులేస్తూ చెయ్యి కడుక్కోకుండానే తిరిగింది.

మర్నాడు మధ్యాహ్నం గిన్నెలు తోముతుంటే శేషమ్మకి ఆ సంఖ్య నోట్లో ఆడింది. ఊసుపోక దాన్ని మాష్టారు నేర్పిన పద్ధతిలోనే కోసింది. వెనక నుంచి మూడేసి అంకెలు విడదీసి, ఒకటి విడిచి ఒకటి కలిపి, ఆ రెండు మొత్తాల తేడా చూడాలి. తేడా ఏడుకో పదకొండుకో పదమూడుకో తెగితే, అసలు సంఖ్య కూడా దానికి తెగినట్టే. మూడు వందల తొంభై మూడుకి ఇరవై కలిపితే నాలుగు వందల పదమూడు. మధ్యలో ఉన్నది అయిదు వందల నలభై మూడు. తేడా నూట ముప్పై.

నూట ముప్పై అంటే పదమూడు పదులు.

గిన్నె తొట్టిలో వదిలేసింది. చేతిని చీరకి తుడుచుకుని మళ్ళీ మొదటి నుంచి చేసింది. అదే నూట ముప్పై. పొరపాటు అందరికీ వస్తుంది, అదేం పెద్ద విషయం కాదు. కానీ ఈ పరీక్ష మాష్టారు నిద్రలో లేపి అడిగినా చేసేది. నిన్న ఆయన అసలు చెయ్యనే లేదు. చూశారు, చెప్పేశారు.

అప్పుడు ఆవిడకి తను పొద్దున్నే ఇస్తున్న సంఖ్యలు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. పన్నెండు లక్షల ముప్పై నాలుగు వేల అయిదు వందల అరవై ఏడు. ఒకట్లు ఏడు వరసగా పేర్చినది. పది లక్షల ఒకటి. అన్నీ పేరున్న సంఖ్యలు. జవాబు సరిచూసే ఓపిక లేక, జవాబు తనకి ముందే తెలిసిన సంఖ్యల్నే ఇస్తూ వచ్చింది. తనకి తెలిసినవన్నీ ఆయన దగ్గర నేర్చుకున్నవే. చలికాలంలో ఒక పొద్దున కరెంటు మీటరు మీది సంఖ్య ఇస్తే, "ఇదేం సంఖ్య, పద్ధతీ పాడూ లేకుండా!" అని కప్పు విసురుగా పక్కకి నెట్టేశారు. మళ్ళీ అలాంటిది ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో అప్పుడు తనని తాను అడగలేదు. ఇన్నాళ్ళుగా ఆయన విరుస్తున్నారనుకుంది. ఆయన అప్పజెబుతున్నారు.

ముందుగదిలో మాష్టారు చొక్కా గుండీలు పెట్టుకుంటున్నారు. శేషమ్మ కాగితమూ పెన్సిలూ తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఏవండీ, నిన్నటి సంఖ్యని ఒకసారి పదమూడుతో కొట్టి చూడండి."

"ఎందుకు? అది విరగదని చెప్పాగా."

"నా సరదాకి."

మాష్టారు కూర్చున్నారు. ఆవిడ అంకెలు చెబుతుంటే రాసుకున్నారు. ఇరవైలో పదమూడు ఒకసారి, మిగిలింది ఏడు. అయిదు కిందికి దించారు. డెబ్భై అయిదు. అక్కడ పెన్సిల్ ఆగింది. పక్కన పదమూడో ఎక్కం రాయడం మొదలుపెట్టారు: పదమూడు, ఇరవై ఆరు, ముప్పై తొమ్మిది, నలభై రెండు. నలభై రెండుని చాలాసేపు చూశారు. అందులో ఏదో తప్పుందని తెలుస్తోంది, ఏమిటో తెలియడం లేదు. కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పారు.

"పెన్సిల్ మొద్దుబారింది," అన్నారు చివరికి.

"అవునండీ," అంది ఆవిడ.

మాష్టారు లేచి గోడకున్న కారు తాళాలు తీసుకున్నారు. "టైమైంది. చిట్టి బడి గేటు దగ్గర నిలబడి దారి చూస్తుంటుంది."

వద్దనాలి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. వద్దంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్పాలి. డెబ్భై అయిదులో పదమూడు ఎన్నిసార్లో మీకు రావడం లేదండీ అని, ఆ మనిషి మొహంలోకి చూసి చెప్పాలి. శేషమ్మ చెప్పులు వేసుకుంది.

"నేనూ వస్తాను."

"బడికా? ఏ తరగతిలో చేరతావోయ్?" అని మాష్టారు నవ్వారు. ఆ నవ్వు ఎప్పటిదే. ఆవిడ ఇంటికి తాళం వేసి వెనకే నడిచింది.

వెళ్ళే దారి తిన్నని రోడ్డు. ముందు పోయే లారీ వెనకే నెమ్మదిగా పోనిచ్చారు, గేటు తెరిచే ఉంది, బడి దగ్గర చెట్టు నీడ చూసి ఆపారు. ఎక్కడా తొట్రుపాటు లేదు. శేషమ్మ సీట్లో వెనక్కి ఆనుకుని కూర్చుంది. నేనే కొండంత చేసుకున్నానేమో అనుకుంది.

చిట్టి పరుగున వచ్చి, ముందు సీట్లో అమ్మమ్మని చూసి కొయ్యబొమ్మలా నిలబడిపోయింది.

"అది నా సీటు అమ్మమ్మా."

"ఈ పూటకి వెనక కూర్చో."

"కుదరదు. నేను ముందే కూర్చోవాలి." ఎప్పుడూ మొండికెయ్యని పిల్ల కళ్ళలో నీళ్ళు పెట్టుకుంది. సరేలెమ్మని శేషమ్మ వెనక్కి మారింది.

వచ్చే దారి వేరు. తిరిగొచ్చే వాహనాల్ని ఆ రోడ్డు మీద రానివ్వరు కాబట్టి నాలుగు వీధులు చుట్టి గేటు చేరాలి. బండి కదలకముందే చిట్టి మొదలుపెట్టింది. "తాళం తిప్పు తాతయ్యా. అద్దంలో చూడు. ఇప్పుడు ఎడమకి. కాదు, ఇంకో ఎడమ. మందుల షాపు వచ్చింది, మెల్లిగా. బ్రేకు, బ్రేకు."

చిట్టి ఆడుకుంటోందని శేషమ్మ అనుకుంది. రెండు వీధులు దాటేసరికి ఆ నస భరించలేకపోయింది. అసలే తల దిమ్ముగా ఉంది.

"ఊరికే వాగకే చిట్టీ! తాతయ్యని బండి నడపనీ. ఇల్లు చేరేదాకా నోరెత్తావంటే ఊరుకోను."

చిట్టి వెనక్కి తిరిగి అమ్మమ్మని అదోలా చూసింది. పెదాలు బిగించి ముందుకి తిరిగి కూర్చుంది.

గేటు కనిపించింది. గంట మోగుతోంది, ఎర్ర దీపం వెలిగింది, కమ్మీ కిందికి దిగడం మొదలైంది. ముందు ఏ బండీ లేదు. మాష్టారు ఆపలేదు. చిట్టి రెండు చేతులూ నోటి మీద పెట్టుకుంది. కారు కమ్మీ కిందుగా దూరి పట్టాల మీదికి వచ్చేసరికి అవతలి కమ్మీ పూర్తిగా దిగిపోయింది. కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

మాష్టారు రెండు చేతులూ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఎదుటి కమ్మీని చూస్తూ, చాలా నెమ్మదిగా అడిగారు. "ఇప్పుడేం చెయ్యాలి?"

ఆ ప్రశ్న శేషమ్మని కాదు. ఆయన చిట్టి వైపు తిరిగి అడిగారు. చిట్టి వెనక్కి తిరిగింది.

"చెప్పనా అమ్మమ్మా?"

"చెప్పవే! చెప్పు తల్లీ!"

"క్లచ్ నొక్కు తాతయ్యా. ఎడమ కాలు. తాళం తిప్పు. మళ్ళీ తిప్పు." ఇంజను గురకపెట్టి ఊరుకుంది. శేషమ్మ తలుపు తోసుకుని దిగి, ముందు తలుపు లాగి చిట్టిని ఎత్తి కమ్మీ అవతలికి తోసింది. వెనక్కి పరుగెత్తింది. మాష్టారు కదలడం లేదు. పెట్టుకున్న బెల్టు ఎలా తియ్యాలో తెలియక దాన్ని చేత్తో నిమురుతున్నారు. ఇంతలో గేటు మనిషి గుడిసెలోంచి అరుచుకుంటూ వచ్చాడు. వచ్చినవాడు వచ్చినట్టే కమ్మీ పైకెత్తే పిడి తిప్పి, కారు కిటికీలోంచి చెయ్యి పెట్టి గేర్ తప్పించి, గేటు బయట ఆగి ఉన్న ఇద్దరు లారీవాళ్ళని కేకేశాడు. వాళ్ళూ శేషమ్మా వెనక నుంచి తోశారు. కారు మాష్టారితో సహా పట్టాలు దాటి గడ్డిలోకి దొర్లింది.

రైలు వచ్చింది. అది వెళ్ళినంతసేపూ నేల అదురుతూనే ఉంది.

"ఇంకెప్పుడూ తాతగారికి బండి ఇవ్వొద్దమ్మా," అన్నాడు గేటు మనిషి, రొప్పుతూ. "రోజూ చూస్తున్నా. పాప చెబితే ఆగుతారు, పాప చెబితే కదులుతారు. సరదా పడుతున్నారనుకున్నా."

శేషమ్మ చిట్టిని దగ్గరికి లాక్కుంది. "నాకెందుకు చెప్పలేదే?"

"తాతయ్య ఒట్టేయించుకున్నాడు. అమ్మమ్మకి తెలిస్తే బండి తాళాలు దాచేస్తుందన్నాడు." చిట్టికి వెక్కిళ్ళు వస్తున్నాయి. "ఇవాళ నేను చెబుదామనుకున్నా. నువ్వే వాగొద్దన్నావు."

అంటే ఆయనకి తెలుసు. తనకన్నా ముందే తెలుసు. పొద్దున్నే టీ కప్పు వెనక కూర్చుని, ఏ సంఖ్య వస్తుందోనని భయంభయంగా తన నోటి వైపు చూసేవారు కాబోలు. వచ్చింది తెలిసినదైతే బతికిపోయానని సంతోషపడేవారు. ఆ మెరుపునే తను తెలివనుకుంది.

ఫోన్ తీసింది. రెండుసార్లు తప్పు నొక్కింది. అమ్మాయి ఎత్తింది.

"చిట్టికి ఏం కాలేదు. ముందది విను," అంది శేషమ్మ. తర్వాత ఏదీ దాచకుండా చెప్పింది. నిన్నటి సంఖ్యా, నలభై రెండూ, వద్దనలేక బండెక్కడమూ, పిల్ల నోరు తనే మూయించడమూ. "డాక్టరు దగ్గర చెప్పినవన్నీ కంఠతా వచ్చినవేనే. చెప్పారంతే, చెయ్యలేదు. నాకు తెలియాల్సింది. మీ నాన్నకి నేను సంఖ్యలు ఎంచి ఎంచి ఇచ్చాను. నా పూచీ మీద నువ్వు పిల్లని వదిలావు."

అవతల పరీక్షల గదిలో ఏదో యంత్రం తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

"చిట్టికి ఎన్నాళ్ళ నుంచి తెలుసు?" అంది అమ్మాయి.

శేషమ్మ అటు చూసింది. చిట్టి కళ్ళు తుడుచుకుంటూ కారు దగ్గరికి వెళ్ళింది. తలుపు తెరిచి, లోపలికి వంగి, తాతయ్య బెల్టు మీటని ఎక్కడ నొక్కాలో వేలు పట్టుకుని చూపిస్తోంది. మాష్టారు బుద్ధిగా తల ఊపుతున్నారు.

"మనందరికన్నా ముందు నుంచి," అంది శేషమ్మ.

అమ్మాయి ఏదో అంది. ఏడుస్తోందో, తిడుతోందో. ఇంకో బండి వస్తున్నట్టుంది, గంట మళ్ళీ మోగడంతో ఆ మాట వినబడలేదు.